తాళం పగిలిందట... ఏదీ, గుణించి చూపించండి!

అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తోందని వార్త వచ్చిన దగ్గర్నుంచీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావుడి. "ఇక ఆర్‌ఎస్‌ఏ పని అయిపోయింది", "బ్యాంకు తాళాలన్నీ సెకన్లో ఊడొచ్చేస్తాయి", "చైనావాళ్లు మిలిటరీ కోడ్ కూడా పగలగొట్టేశారట". సీఎస్‌ఈ వాళ్లు ఫార్వర్డ్ చేస్తే మెకానికల్ వాళ్లు నమ్మేస్తారు. మెకానికల్ వాళ్లు అదే మెసేజ్ ఇంటికి పంపిస్తే నాన్నగారు ఫోన్‌పే తీసేస్తానని కూర్చుంటారు. ఇంకో బ్యాచ్ ఉంది. వాళ్లకి ఇదంతా సోది. "ఎప్పట్నుంచో వింటున్నాం, ఏం జరిగింది గనక?" అని నవ్వేసి స్క్రోల్ చేసేస్తారు. నన్నడిగితే భయపడేవాళ్లూ, నవ్వేవాళ్లూ చేస్తున్న తప్పు ఒకటే. ఇద్దరూ లెక్క చూడట్లేదు.

అసలు ఏ తాళం గురించి మాట్లాడుతున్నామో ముందు అనుకుందాం. అన్నవరం సత్యనారాయణ స్వామి గుడిలో హుండీ చూసే ఉంటారు కదా. అందులో డబ్బులు ఎవరైనా వెయ్యొచ్చు. తియ్యాలంటే మాత్రం తాళంచెవి ఉన్నవాళ్లే రావాలి. పబ్లిక్ కీ ఎన్‌క్రిప్షన్ కూడా అలాంటిదే. వేసే దారి లోకమంతటికీ తెలుసు, తీసే కీ ఒక్కరి దగ్గరే ఉంటుంది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు దీన్ని ఒక చిన్న గణిత సత్యం మీద నిలబెట్టారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించడం చాలా తేలిక, ఆ లబ్ధాన్ని ఇచ్చి మళ్లీ ఆ రెండిటినీ విడదియ్యమంటే చాలా కష్టం. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే ఆర్‌ఎస్‌ఏ. ఈరోజు మామూలుగా వాడే ఆర్‌ఎస్‌ఏ కీ 2048 బిట్లు, అంటే 617 అంకెల సంఖ్య.

ఈ పద్ధతిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. దాన్ని ఎవరూ వాడుకోకపోవడమే నాకు ఆశ్చర్యం. "పగలగొట్టాను" అని ఎవరైనా అంటే, ఆ మాట నిజమో కాదో చూడటానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. రెండు ముక్కలు చూపించమనాలి, గుణించి చూసుకోవాలి. లబ్ధం సరిపోతే నిజం, లేకపోతే లేదు. ఇంత తేలిగ్గా తేలిపోయే పుకారు ఇంకెక్కడైనా దొరుకుతుందా?

ఇప్పుడు ఈ పరీక్ష ఒక్కో పుకారుకీ పెట్టి చూద్దాం.

2024 అక్టోబరులో "చైనా శాస్త్రవేత్తలు మిలిటరీ స్థాయి ఎన్‌క్రిప్షన్‌ని క్వాంటం కంప్యూటర్‌తో ఛేదించారు" అని ప్రపంచమంతా మోగిపోయింది. షాంఘై యూనివర్సిటీవాళ్లు డీ-వేవ్ అనే కంపెనీ మెషీను మీద చేసిన పని అది. పేపరు తీసి చూస్తే వాళ్లు విడదీసింది 22 బిట్ల సంఖ్యని. 22 బిట్లంటే ఎంత పెద్దదైనా 42 లక్షలు దాటదు. దాని కారణాంకం దొరకాలంటే 2 నుంచి 2048 దాకా వరసగా భాగించుకుంటూ పోతే చాలు. ఫస్టియర్ సీ ల్యాబ్‌లో ఫర్ లూప్ రాసిన ఎవరైనా చెయ్యగలరు. పరిశోధనగా ఆ పేపరుకి ఉండే విలువ దానికుంది, కానీ 2048 బిట్ల తాళానికీ దానికీ సంబంధం లేదు.

అంతకుముందు 2022 డిసెంబరులో కూడా చైనా నుంచే ఇంకో పేపరు. 372 క్యూబిట్లుంటే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ ఔట్ అన్నారు. చేసి చూపించింది మాత్రం 10 క్యూబిట్లతో 48 బిట్ల సంఖ్య. 48 బిట్ల సంఖ్యకి అన్నిటికంటే మొరటు పద్ధతిలో వెళ్లినా కోటీ డెబ్భై లక్షల భాగహారాలు మించవు. మన ల్యాప్‌టాప్ అది సెకనులోపే చేసేస్తుంది. ఆ పద్ధతి పెద్ద సంఖ్యలకి కూడా పనిచేస్తుందని మాత్రం ఆ పేపరు చూపించలేదు. ఆ రంగంలోవాళ్లు అప్పుడే ఆ సంగతి ఎత్తిచూపారు. కానీ ఆ విమర్శ ఏ గ్రూపులోనూ ఫార్వర్డ్ అవ్వలేదు!

మన దేశంలో పుట్టిన పుకారు కూడా ఒకటుంది. అదంటే నాకు చాలా ఇష్టం. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్‌లో ప్రొఫెసర్ మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి ఒక చిన్న పేపరు పెట్టారు. కయాల్, సక్సేనా అప్పుడే బీటెక్ అయినవాళ్లు, అంటే మనకంటే ఒకటి రెండేళ్లు పెద్ద. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని కచ్చితంగా, పాలినోమియల్ టైంలో తేల్చే పద్ధతి అది. ఎన్నో ఏళ్లుగా మహామహులకి కొరుకుడు పడని ప్రశ్న. వెంటనే "ఇంటర్నెట్ భద్రతకి ముప్పు" అనే మాట కూడా పుట్టింది. నిజానికి ఒక సంఖ్య ప్రధాన సంఖ్య కాదని తెలియడం వేరు, దాని కారణాంకాలు తెలియడం వేరు. ఆ పద్ధతి మొదటి ప్రశ్నకి జవాబు చెబుతుంది, రెండోదాన్ని ముట్టుకోదు. పైగా ఆర్‌ఎస్‌ఏ కీ తయారుచెయ్యాలంటేనే ముందు ప్రధాన సంఖ్యలు వెతకాలి, దానికి వేగంగా పనిచేసే పరీక్షలు అప్పటికే వాడుకలో ఉన్నాయి. ఆ ముగ్గురికీ 2006లో గోడెల్ ప్రైజ్ వచ్చింది. పుకారు పోయింది, గణితం మిగిలింది.

ఇక అమరావతి. 2025 మేలో ప్రకటించిన ప్రకారం ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి అక్కడ క్వాంటం వ్యాలీలో పెట్టబోయే ఐబీఎం క్వాంటం సిస్టమ్ టూ యంత్రంలో ఉండేది 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్. 1994లో పీటర్ షోర్ అనే ఆయన క్వాంటం కంప్యూటర్ మీద కారణాంకాలు వేగంగా కనుక్కునే పద్ధతి ఇచ్చిన మాట నిజమే. కానీ 2048 బిట్ల మీద ఆ పద్ధతి నడవాలంటే ఎన్ని క్యూబిట్లు కావాలి? గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ 2025 మేలో వేసిన అంచనా దాదాపు 10 లక్షలు. అన్ని పెట్టినా వారంలోపు ఒక్క కీ. 156 ఎక్కడ, 10 లక్షలెక్కడ! కాబట్టి అమరావతి యంత్రం వల్ల మీ అకౌంట్‌లో డబ్బులు మాయం కావు. నాన్నగారికి ధైర్యంగా చెప్పండి.

ఇక్కడితో వ్యాసం ఆపేస్తే రెండో బ్యాచ్ వాళ్లు చప్పట్లు కొడతారు. "చూశారా, అంతా ఉత్తిదే!" అని. కానీ లెక్క ఇక్కడితో అవ్వలేదండి.

ఈ లెక్క ఎలా చదవాలో మన గోదావరి జిల్లాల వాళ్లకి ఒకరు నేర్పక్కర్లేదు. ఏటా వరదొచ్చినప్పుడు "గట్టు తెగిపోయిందంట" అని ఎవడో ఒకడు పుట్టిస్తాడు. తెలిసినవాళ్లు ఏం చేస్తారు? ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో అడుగుతారు. 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. భద్రాచలం దగ్గర ఎంతుంది, పెరుగుతోందా తగ్గుతోందా అని కూడా చూస్తారు. ఎందుకంటే అక్కడి నీళ్లు మన దగ్గరికి రావడానికి టైం పడుతుంది. ఆ టైంలోనే లంకల్లోంచి పశువుల్ని, సామాన్లని ఒడ్డుకి చేర్చుకోవాలి. ధవళేశ్వరం దగ్గర మట్టం తక్కువుంది కదా అని భద్రాచలం వైపు చూడకుండా పడుకునేవాడు మన లంకల్లో ఉండడు.

ఎన్‌క్రిప్షన్‌కి భద్రాచలం లాంటి కొలతలు రెండున్నాయి. మొదటిది, తాళం తియ్యడానికి ఎన్ని క్యూబిట్లు కావాలన్న అంచనా. 2019లో ఇదే గిడ్నీ, మార్టిన్ ఎకెరా అనే ఆయనతో కలిసి వేసిన అంచనా 2 కోట్లు. ఆరేళ్లలో అది 10 లక్షల లోపుకి దిగింది. కొత్త యంత్రమేదీ రాకుండానే, కేవలం పద్ధతి మెరుగుపడి 20 రెట్లు తగ్గింది. రెండోది, చేతిలో ఉన్న యంత్రాల నాణ్యత. 2024 డిసెంబరులో గూగుల్ తన 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద, తప్పులు సరిదిద్దడానికి వాడే క్యూబిట్లు పెంచేకొద్దీ మొత్తం తప్పులు తగ్గుతున్నాయని చూపించింది. ఇన్నాళ్లూ పెద్ద అడ్డంకి అదే. ఒక కొలత కిందికి, ఒక కొలత పైకి. రెండూ ఎప్పుడు కలుస్తాయో తేదీ ఎవరూ చెప్పలేరు, కానీ ఏ దిక్కున వెళ్తున్నాయో కనిపిస్తూనే ఉంది.

"అసాధ్యం" అన్నవాళ్లు గతంలో ఎలా దెబ్బతిన్నారో కూడా గుర్తుంచుకోవాలి. 1977లో ఒక పత్రికలో 129 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్య ఇచ్చి, దీన్ని విడదియ్యడానికి 4 పక్కన 16 సున్నాలు పెడితే వచ్చేన్ని సంవత్సరాలు పడుతుందన్నారు. 1994లో, అంటే 17 ఏళ్లకే, ఇంటర్నెట్‌లో కలిసిన దాదాపు 600 మంది వాలంటీర్లు తమ కంప్యూటర్లు ఎనిమిది నెలలు నడిపి విడదీసేశారు. కంప్యూటర్లూ పెరిగాయి, పద్ధతులూ పెరిగాయి. 2020లో 250 అంకెల సంఖ్య కూడా పోయింది. దానికి ఒక్క కోర్ మీద వేస్తే 2700 ఏళ్లు పట్టేంత పని అయ్యింది. వీటన్నిటిలోనూ కారణాంకాలు బయటపెట్టారు, ఎవరైనా గుణించి చూసుకోవచ్చు. నిజంగా పగిలినప్పుడు సాక్ష్యం అలాగే ఉంటుంది. 2048 బిట్ల ఛాలెంజ్ సంఖ్య మీద 2 లక్షల డాలర్ల బహుమతి ఉండేది. 2007లో పోటీ ఆపేశారు కానీ ఆ సంఖ్య ఇంకా అలాగే కూర్చుని ఉంది.

సరే, యంత్రం వచ్చినప్పుడు చూసుకుందాంలే అంటే? అక్కడే అసలు చిక్కు. ఈరోజు వైరు మీద వెళ్తున్న రహస్యాన్ని ఎవరైనా ఇప్పుడే రికార్డు చేసి దాచుకోవచ్చు. పదిహేనేళ్ల తర్వాత యంత్రం వచ్చాక తీరిగ్గా విప్పుకోవచ్చు. ఓటీపీ అయితే నష్టం లేదు, పది నిమిషాల తర్వాత అది చెత్తకాగితం. కానీ వేలిముద్ర?

రేషన్ షాపులో మన అమ్మమ్మ వేలు పెడుతుంది కదా, ఆ మెషీను సంగతే తీసుకోండి. ఆధార్ సంస్థ ప్రచురించిన స్పెసిఫికేషన్ ప్రకారం ఆ వేలిముద్ర డేటాని ఒక్కసారికే పనికొచ్చే ఏఈఎస్ కీతో మూసి, ఆ కీని 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ కీతో మూసి పంపుతారు. ఏఈఎస్‌కి క్వాంటం వల్ల పెద్ద ప్రమాదం లేదు. దాని కీని మోసుకెళ్లే ఆర్‌ఎస్‌ఏకే ప్రమాదం. ఎవరో ఇప్పటికే పట్టి దాచారని నేను అనట్లేదు. కానీ పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. ఈరోజు ఐదేళ్ల పిల్లాడి వేలిముద్ర అరవై డెబ్భై ఏళ్లు రహస్యంగా ఉండాలి. కెనడా శాస్త్రవేత్త మిషెల్ మోస్కా చెప్పిన లెక్క ఇదే. రహస్యం ఎన్నేళ్లు నిలవాలి, కొత్త తాళాలు బిగించడానికి ఎన్నేళ్లు పడుతుంది, ఈ రెండూ కలిపితే యంత్రం రావడానికి పట్టే కాలం కంటే ఎక్కువైతే మనం ఇప్పటికే ఆలస్యం.

కొత్త తాళాలు తయారుగానే ఉన్నాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టు 13న క్వాంటం కంప్యూటర్లని కూడా తట్టుకోవడానికి తయారైన మూడు ప్రమాణాలు విడుదల చేసింది. అందులో ఎంఎల్-కెమ్ అనేది కీలు పంచుకోవడానికి, మిగతా రెండూ డిజిటల్ సంతకాలకి. 2035 తర్వాత ఆర్‌ఎస్‌ఏని అసలు వాడకూడదని అదే సంస్థ ముసాయిదాలో పెట్టింది. సిగ్నల్ యాప్ 2023లో, ఐమెసేజ్ 2024లో కొత్త పద్ధతికి మారడం మొదలుపెట్టాయి. క్రోమ్ బ్రౌజర్ కూడా 2024 నుంచి పాత తాళంతో పాటు కొత్తదీ కలిపి వేస్తోంది. రెండూ కలిపి ఎందుకంటే కొత్తవాటినీ గుడ్డిగా నమ్మకూడదు గనక. నిస్ట్ పోటీలో నాలుగో రౌండుకి వచ్చిన సైక్ అనే పద్ధతిని 2022లో బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు కాస్ట్రిక్, డెక్రూ మామూలు కంప్యూటర్‌లో ఒక్క కోర్ మీద గంటలో పగలగొట్టారు. క్వాంటం లేదు, ఏమీ లేదు. అది పుకారు కాదు, కోడ్ పెట్టారు, ఎవరైనా నడిపి చూసుకోవచ్చు. మళ్లీ అదే సూత్రం. నిజం అయితే చూపించగలరు.

ఇంతవరకు వరద గురించి చెప్పుకున్నాం. ఏటిగట్టుకి గండి పడటానికి ఎప్పుడూ మహా వరదే అక్కర్లేదు, ఎలకబొరియ చాలు. మన ఎన్‌క్రిప్షన్ గట్టుకి ఉన్న బొరియలు చూస్తే క్వాంటం భయం చిన్నదనిపిస్తుంది.

2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో కలిపి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయట కనిపిస్తున్నాయని. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి, ఉపాధి హామీ చెల్లింపుల సైటు, చంద్రన్న బీమా సైటు. అక్కడ ఏ తాళమూ పగల్లేదు. పెట్టెకి తాళం వేసి, లోపలి సామానంతా అరుగు మీద పెట్టినట్టు అయ్యింది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒకాయన భూమి రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రలు తీసుకుని, రబ్బరు ముద్రలు చేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేస్తూ దొరికాడు. 2048 బిట్లని ఓడించింది రబ్బరు ముక్క! 2014 జూలైలో ఇంకోటి. గూగుల్ సైట్ల పేరు మీద దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ఇచ్చింది ఎక్కడినుంచంటే మన కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐసీ సర్టిఫికెట్ వ్యవస్థ నుంచి. గణితం బానే ఉంది, ముద్ర కొట్టే చోటే లోపం. ఇక రోజూ జరిగే మోసాలు చూస్తే, "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించేవాడికీ, కేవైసీ అప్‌డేట్ అని ఓటీపీ అడిగేవాడికీ ప్రధాన సంఖ్యలతో పనేముంది? మనమే తలుపు తీసి పెడుతున్నాం.

"అంతా ఎలాగూ పగిలిపోయింది" అనే పుకారు మీద నాకు కోపం అందుకే. అది నమ్మినవాడు ఉన్న తాళం కూడా సరిగ్గా వెయ్యడు. డేటా బయటపెట్టిన ఆఫీసుని నిలదియ్యాల్సింది పోయి చైనా మీదో, క్వాంటం మీదో నెట్టేస్తాడు. ఆఫీసువాళ్లకి కూడా అదే హాయి.

మరి మనం ఏం చెయ్యగలం? ఊరికే అవగాహన పెంచుకోండి అని చెప్పి తప్పించుకోను. నా మటుకు నాకు మూడు పనులు కనిపిస్తున్నాయి.

ఒకటి, ఇంట్లోవాళ్ల కోసం. ఫార్వర్డ్ వస్తే "ఎన్ని బిట్లు?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి. జవాబు లేకపోతే డిలీట్. ఆ టైంలో అమ్మకి, నాన్నగారికి ఆధార్ బయోమెట్రిక్ లాక్ చెయ్యడం చూపించండి, మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలని చెప్పండి. ఈ రెండూ ఈరోజే పనికొస్తాయి.

రెండు, మన క్లాసు కోసం. క్రిప్టోగ్రఫీ సబ్జెక్టులో ఆర్‌ఎస్‌ఏ, డిఫీ-హెల్‌మన్, ఎలిప్టిక్ కర్వ్ దాకా వచ్చి ఆగిపోతున్నాం. ఆ మూడూ షోర్ పద్ధతికి పడిపోయేవే. మనం ఉద్యోగాల్లో చేరేది సరిగ్గా అవి తీసేసి కొత్తవి బిగించే కాలంలో. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5 వెర్షన్‌లో ఎంఎల్-కెమ్ ఉచితంగానే ఉంది. ల్యాబ్‌లో ఒక్క ఎక్స్‌పరిమెంట్ చేర్చమని మన సార్లని, మేడమ్‌లని కలిసి అడుగుదాం. క్వాంటం వ్యాలీకి బస్సు వేసుకుని వెళ్లి సెల్ఫీలు దిగడం కంటే అదే ముందు జరగాలి.

మూడు, ఫైనలియర్ ప్రాజెక్టు వెతుక్కునేవాళ్ల కోసం. మనం రోజూ వాడే పబ్లిక్ సైట్లలో, బ్రౌజర్ చూపించే భద్రతా వివరాల్లో, ఎక్కడ ఆర్‌ఎస్‌ఏ ఉంది, ఎక్కడ కొత్త తాళం వచ్చింది అని ఒక పట్టిక తయారుచెయ్యండి. బ్రౌజర్ చూపించేది మాత్రమే రాసుకోండి, ఎవరి సర్వర్‌లోనూ వేలు పెట్టకండి. తాళాలు మార్చాలంటే ముందు ఎక్కడ ఏ తాళం ఉందో తెలియాలి. పెద్ద సంస్థలు కూడా మొదలుపెట్టాల్సింది అక్కడే. రేషన్ షాపు మెషీను, మీసేవ సర్టిఫికెట్ మీద డిజిటల్ సంతకం, పంచాయతీ సైటు, ఇవన్నీ 2035 నాటికి ఎవరో ఒకరు మార్చాలి. ఆ ఎవరో మనలోవాళ్లే అయ్యే అవకాశం చాలా ఉంది. ఆసక్తి ఉన్నవాళ్లు క్లబ్ గ్రూపులో పేరు పెట్టండి, పట్టిక మొదటి కాలమ్ నేను గీసి ఇస్తాను.